సంతకం పెట్టాక కేసు వేయలేమా?

ప్రశ్న: మాది తెనాలి. మావారికి పద్నాలుగు నెలల క్రితం హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నడుము డిస్క్ ఆపరేషన్ చేశారు. ఆ రాత్రే కాళ్ళు కదలడం లేదంటే, 'మత్తు వల్ల, తెల్లారేసరికి తగ్గిపోతుంది' అన్నారు. మర్నాడు మధ్యాహ్నం ఎమ్మారై తీస్తే, రక్తం గడ్డకట్టి నరాలను నొక్కుతోందని తేలింది. మళ్ళీ ఆపరేషన్ చేశారు. దాని బిల్లూ మేమే కట్టాం. ఇప్పటికీ వాకర్ లేనిదే నడవలేరు. కేస్ షీట్ అడిగితే ఇవ్వడం లేదు. 'ఏం జరిగినా ఆసుపత్రిది బాధ్యత కాదు' అన్న కాగితం మీద నేనే సంతకం పెట్టాను. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చమ్మా. ముందు ఆ సంతకం గురించి టెన్షన్ మానేయండి. ఆపరేషన్‌లో ఉండే రిస్కులకు ఒప్పుకున్నారు తప్ప, నిర్లక్ష్యం చేసినా పర్వాలేదని మీరు రాసివ్వలేదు.

అలాగని రక్తం గడ్డకట్టడమే డాక్టరు తప్పు అని వాదిస్తే కేసు వీగిపోతుంది. అది ఎంత మంచి సర్జన్ చేతిలోనైనా జరగొచ్చు. మీ బలమంతా ఆ రాత్రికీ మర్నాటి మధ్యాహ్నానికీ మధ్య ఉంది. నరాల మీద ఒత్తిడి ఉన్నప్పుడు ఆలస్యమయ్యేకొద్దీ అవి కోలుకునే అవకాశం తగ్గుతుంది. కాళ్ళలో పట్టు తగ్గిందని నర్సు ఎన్ని గంటలకు రాసింది, డ్యూటీ డాక్టరు ఎప్పుడొచ్చి చూశాడు, సర్జన్‌కు ఫోన్ ఎప్పుడు వెళ్ళింది? ఇవన్నీ నర్సింగ్ చార్టులో ఉండాలి. లేకపోతే ఆ లోటూ మీకే పనికొస్తుంది.

అందుకే మొదటి పని కేస్ షీట్. 2002 నాటి వైద్య ప్రవర్తనా నియమావళి ప్రకారం, రోగి తరఫున అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. నోటిమాటగా అడగకండి. మీవారి సంతకంతో లేఖ రాసి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. అవి చేతికొచ్చాక, ఆ ఆసుపత్రితో సంబంధం లేని న్యూరోసర్జన్ అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోండి. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది గానీ, వెన్ను కేసుల్లో అది లేకుండా వెళ్ళమని నేను చెప్పను.

నిమ్స్ కేసు మీకు ధైర్యమిస్తుంది. 1990లో ఒక ఇంజినీరింగ్ విద్యార్థి ఛాతీలోని కణితి నుంచి పరీక్షకు ముక్క తీస్తామని చెప్పి, కణితినే తీసేశారు. న్యూరోసర్జన్‌ను పిలవలేదు. కుర్రాడికి రెండు కాళ్ళూ పడిపోయాయి. 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయలు, పైన వడ్డీ ఇప్పించింది. పంతొమ్మిదేళ్ళు పట్టిందనుకోండి, అదీ తెలిసే దిగాలి.

2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉండే చోటే, అంటే గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. హైదరాబాద్ తిరగక్కర్లేదు. ఆసుపత్రికి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్ళే, మీకు పది నెలలుంది. పోలీసు కేసు జోలికి మాత్రం ఇప్పుడే వెళ్ళకండి. దానికి ఘోరమైన నిర్లక్ష్యం రుజువు కావాలి. బిల్లుల ఒరిజినల్స్ ఇన్సూరెన్స్ వాళ్ళకు ఇచ్చేసి ఉంటే, కాపీలు ఈ వారమే అడిగి తీసుకోండి.