పాత ట్రయల్స్ బైక్ ఎవరెవరి చేతులు మారిందో తెలుసుకోవచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది కాకినాడ. కొన్నేళ్లుగా ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఉంటున్నాను. రాళ్లు, వాగులు, బురద గట్ల మీదుగా కాలు కింద పెట్టకుండా బండి నడిపే ట్రయల్స్ పోటీలంటే నాకు పిచ్చి. ఈమధ్య బీఎస్‌ఏ కంపెనీ 1962 నాటి ట్రయల్స్ బైక్ సీ15టీ కొన్నాను. ‘ఒకప్పుడు కంపెనీ టీమ్ రైడర్ నడిపిన బండి’ అని చెప్పి, అమ్మినాయన గట్టి ధరే తీసుకున్నారు. వీ5సీలో, అంటే ఇక్కడి రిజిస్ట్రేషన్ పత్రంలో, పాత కీపర్లు (బండి ఎవరి పేరున నమోదై ఉందో వారు) నలుగురని అంకె ఉంది, పేర్లు లేవు. బండ్లు నమోదు చేసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్‌ఏను అడిగితే ఇస్తారా? ఇది దొంగిలించిన బండి అంటూ రేపెవరైనా వస్తే నా గతేమిటి?

జవాబు: ముందు మీ రెండో ప్రశ్న చూద్దాం. అది తేలితే మొదటి దానికి ఎంత కష్టపడాలో మీకే తెలుస్తుంది.

వీ5సీ మీ పేరున ఉందంటే, ఆ బండి తాలూకు పన్నుకూ నోటీసులకూ ఎవరిని పట్టుకోవాలో ప్రభుత్వానికి తెలుసని మాత్రమే అర్థం. అది యాజమాన్యానికి రుజువు కాదని ఆ కాగితం మీదే అచ్చు వేసి ఉంటుంది. మన దగ్గర ఆర్‌సీ చేతికొస్తే బండి మనదైపోయినట్టే అనుకుంటాం. ఆ ధీమా అక్కడ వద్దు.

దొంగ సొత్తు అమ్మినవాడు కొన్నవాడికి హక్కు ఇవ్వలేడన్నది 1979 సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ సెక్షన్ 21లోని మూలసూత్రం. అయితే ఇంగ్లండ్, వేల్స్‌లకు వర్తించే 1980 లిమిటేషన్ యాక్ట్ (స్కాట్లాండ్ చట్టం వేరు) 3, 4 సెక్షన్లలో ఒక వెసులుబాటు ఉంది. దొంగతనం సంగతి తెలియకుండా, నిజాయితీగా ఎవరైనా ఆ బండి కొంటే ఆ రోజు నుంచి ఆరేళ్ల గడువు మొదలవుతుంది. ఆరేళ్లూ గడిచాయా, అసలు యజమాని హక్కే పోతుంది. ఆ తర్వాత బండి ఎన్ని చేతులు మారినా ఆయన తిరిగి అడగలేడు. తిరకాసల్లా రుజువు దగ్గరే. మధ్యలో ఒకరు నిజాయితీగా కొన్నారని చూపించాల్సిన భారం మీది. చూపించలేకపోతే ఆ అమ్మకాలన్నీ దొంగతనానికి కొనసాగింపుగానే చట్టం చూస్తుంది. కాబట్టి 1995లో ఎవరో డబ్బు కట్టి తీసుకున్న రసీదు ఒక్కటి దొరికినా రేపు కోర్టులో మిమ్మల్ని కాపాడగలదు. పాత యజమానుల కోసం వెతకడం ఉబలాటం కోసమే అని ఎవరైనా నవ్వితే పట్టించుకోకండి.

ఇక డీవీఎల్‌ఏ సంగతి. వీ888 ఫారం మీద సమాచారం అడగవచ్చు. పేర్లు, చిరునామాలు కావాలంటే మాత్రం 2002 రిజిస్ట్రేషన్ నిబంధనల ప్రకారం ‘సహేతుకమైన కారణం’ చూపాలి. ప్రమాదం చేసినవారిని, వదిలేసిన బండి కీపర్‌ను, పెట్రోలు పోయించుకుని డబ్బు కట్టకుండా పోయినవారిని పట్టుకోవడం వంటివి ఆ కోవలోకి వస్తాయి. బండి చరిత్ర మీద ఆసక్తి రాదు. అలాగని లేని యాక్సిడెంట్ ఒకటి సృష్టించి ఫారం నింపేరు! సమాచారం ఎవరి అధీనంలో ఉందో వారి సమ్మతి లేకుండా దాన్ని తెలిసి తెలిసి రాబట్టడం 2018 డేటా ప్రొటెక్షన్ యాక్ట్ సెక్షన్ 170 కింద నేరం.

అదృష్టవశాత్తూ మీ బండి అసలు చరిత్ర డీవీఎల్‌ఏ ఉన్న స్వాన్సీలో కాకుండా వేరేచోట ఉండే అవకాశమే ఎక్కువ. 1974లో రిజిస్ట్రేషన్లు అక్కడికి కేంద్రీకృతం అయ్యేదాకా ఆ పని కౌంటీ, బరో కౌన్సిళ్లది. బండి చేతులు మారినప్పుడల్లా కొత్తవారి పేరు, చిరునామా లాగ్‌బుక్‌లో రాసి ముద్ర కొట్టేవారు. అమ్మినాయన దగ్గర ఆ పుస్తకం ఉందేమో, ఆయనకు అమ్మినవారెవరో ముందు అడగండి. కౌన్సిల్ లెడ్జర్లు కొన్ని కౌంటీ ఆర్కైవ్‌లకు చేరాయి, చాలావరకు చెత్తలోకి పోయాయి. పాత ఎంఓటీ (బండి రోడ్డుకు పనికొస్తుందో లేదో చూసే పరీక్ష) సర్టిఫికెట్ల మీద పేరుండదు గానీ, టెస్టింగ్ స్టేషన్ ముద్రను బట్టి బండి ఏ ఊళ్లో తిరిగిందో పట్టుకోవచ్చు.

లెడ్జర్ వేటకు బయలుదేరే ముందు వీ5సీలో మొదటి రిజిస్ట్రేషన్ తేదీ చూసుకోండి. ట్రయల్స్ బండ్లు తరచూ విప్పి మళ్లీ కూర్చినవే. నంబర్ తర్వాతెప్పుడో ఇచ్చిన, బండి వయసుకు తగ్గ పాత వరుసది అయితే, 1962 లెడ్జర్లో దానికి చరిత్రే ఉండదు. అప్పుడు ఫ్రేమ్, ఇంజిన్ నంబర్లే ఆధారం.

ఆ నంబర్లతో వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ లైబ్రరీకి రాయండి. బీఎస్‌ఏ ఫ్యాక్టరీ డిస్పాచ్ రికార్డులు వారి దగ్గర ఉన్నాయి. సాధారణంగా బండి ఏ రోజు, ఏ డీలర్‌కు వెళ్లిందో అందులో తెలుస్తుంది. మొదటి కొనుగోలుదారు పేరు ఆశించకండి.

పాత యజమాని ఎవరైనా దొరికితే మర్యాదగా ఒక ఉత్తరం రాయండి, జవాబు రాకపోతే వదిలేయండి. సొంత అవసరానికి ఇలా ఆరా తీస్తే డేటా చట్టం అడ్డురాదు. బతికున్నవారి పేరూ ఇంటి చిరునామా నెట్‌లో పెడితే ఆ మినహాయింపు మీకు దక్కకపోవచ్చు.

‘టీమ్ రైడర్’ కథ అబద్ధమని తేలితే, 1967 మిస్‌రిప్రజెంటేషన్ యాక్ట్ కింద పరిహారం అడగవచ్చు, బండి తిరిగిచ్చి డబ్బు వెనక్కి కోరవచ్చు. ఆలస్యమైతే ఆ రెండో దారి మూసుకుపోతుంది. అందుకే ఆ మాట ఎవరి ద్వారా తెలిసిందో, ఆధారమేమిటో రాసిమ్మని అమ్మినాయనకు ఈ వారమే ఈమెయిల్ పెట్టండి. అమ్మకం ప్రకటనలో ఆ మాట ఉంటే దాన్ని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.