టెక్ సందేహాలు: కారు ముందు అద్దం మీద గీతలు పోతాయా?

ప్రశ్న: మాది విశాఖలోని గాజువాక. మా కారు కొని పదేళ్లు దాటింది. వైపర్ తిరిగే మేర ముందు అద్దం మీద సన్నని గీతలు పడ్డాయి. రాత్రి హైవే మీద ఎదురు బండి లైట్లు పడితే దారే కనబడటం లేదు. టూత్‌పేస్ట్ రుద్దినా లాభం లేకపోయింది. ఆన్‌లైన్‌లో గ్లాస్ పాలిష్ కిట్లు ఉన్నాయి, కొనొచ్చా?

జవాబు: టూత్‌పేస్ట్ పళ్లకే. గాజును అరగదీసే సత్తా దానికి లేదు. ఆ సత్తా ఇసుకకు ఉంది. బీచ్ రోడ్డులో కారు ఆపినా, పోర్టు వైపు లారీల వెనక నడిపినా అద్దం మీద దుమ్ము, ఉప్పు చేరతాయి. నీళ్లు కొట్టకుండా వైపర్ వేస్తే, రబ్బరు కింద ఇరుక్కున్న ఇసుక ఎమరీ పేపర్‌లా గీసేస్తుంది. అందుకే కిట్ కంటే ముందు వైపర్ రబ్బర్లు మార్చండి. ఎండకు గట్టిపడ్డ రబ్బరు ఉన్నంతకాలం ఎంత పాలిష్ చేసినా కొత్త గీతలు పడుతూనే ఉంటాయి.

అద్దం లోపలి వైపు కూడా ఒకసారి తుడిచి చూడండి. ఎండలో డాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి వచ్చే ఆవిరి అక్కడ పొరగా పడుతుంది, రాత్రి మసకకు చాలాసార్లు అదే కారణం. బయట తెల్లటి చుక్కలుంటే అవి బోరు నీళ్ల మరకలు కావచ్చు. వెనిగర్‌తో వదులుతాయి.

ఇవన్నీ అయ్యాక కూడా గీతలు మిగిలితే గోరు అడ్డంగా లాగి చూడండి. గోరుకు తగలని గీతైతే గాజును మెరుగుపెట్టే సీరియం ఆక్సైడ్ పొడితో తగ్గించొచ్చు. కిట్లలో సాధారణంగా ఉండేది అదే. గీత ఎక్కడుందో లోపలి వైపు మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. చుట్టూ పెయింటుకు, రబ్బరుకు టేపు వేయండి. పొడిని నీళ్లలో పల్చటి పేస్టుగా కలిపి, స్పీడు తగ్గించగలిగే డ్రిల్లుకు ఫెల్ట్ (ఉన్ని అదిమి చేసిన మందపాటి గుడ్డ) ప్యాడ్ బిగించి గీత మీద రుద్దాలి. గ్రైండర్ వద్దే వద్దు, దాని వేగం నిమిషానికి పదివేల చుట్ల పైమాటే. గాజు ఒక్కచోట వేడెక్కితే పగులుతుంది. ప్యాడ్ ఆరనివ్వకండి, ఒకేచోట నిలపకండి, మధ్యమధ్యలో చేత్తో తాకి చూడండి. నీడలోనే చేయాలి. విశాఖ ఎండలో మధ్యాహ్నం అద్దం ముందే కాలిపోతూ ఉంటుంది. ఓపిక కావాలి, అరగంటలో అయ్యే పని కాదు.

గోరుకు తగిలే గీతను మాత్రం ముట్టుకోవద్దు. అంత లోతు అరగదీస్తే అక్కడ గుంట పడి, దారి వంకరగా కనిపిస్తుంది. డ్రైవర్ కళ్లకు ఎదురుగా అలాంటి గుంట ఉండటం గీత కంటే ప్రమాదం. అద్దం అంచున పగులున్నా డ్రిల్లు జోలికి పోకండి. మీరు చెప్పినట్టు వైపర్ తిరిగే మేరంతా గీతలే అయితే, నా మాట వినండి: అద్దం మార్చేయడమే మేలు. అంత మేర సమానంగా పాలిష్ చేయడం చేయి తిరిగినవాళ్లకే కష్టం. ఫుల్ ఇన్సూరెన్స్‌లో గాజు పాతబడిందని తరుగుదల కింద కోత పెట్టరు గానీ, వాడకంతో పడ్డ గీతలకు క్లెయిమ్ రాదు.

ప్రశ్న: అదే పొడితో ఫోన్ స్క్రీన్ గీతలు తీయొచ్చా?

జవాబు: వద్దు. వేలిముద్రలు అంటకుండా వేసిన పూత ముందు పోతుంది, నీళ్లు లోపలికి దిగితే ఫోనే పోతుంది. టెంపర్డ్ గ్లాస్ అతికించండి, సన్నని గీతలు అంతగా కనబడవు.

ప్రశ్న: హెడ్‌లైట్లు పసుపుపచ్చగా మారాయి. వాటికీ ఇదే పద్ధతా?

జవాబు: కాదు, అది గాజు కాదు, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. నీళ్లు పోస్తూ సన్నరకం ఎమరీ పేపర్‌తో రుద్ది, ప్లాస్టిక్ పాలిష్ పట్టించాలి. ఆపైన ఎండలోని యూవీ కిరణాలను ఆపే పూత వేయించకపోతే మళ్లీ పచ్చబడతాయి.