రెండు ఐపీ చిరునామాలున్న సర్వర్‌పై రివర్స్ ప్రాక్సీ అమరిక

నల్లగొండలోని ఒక కళాశాల సర్వర్‌కు లోపలి నెట్‌వర్క్ కోసం 192.168.10.5, ఇంటర్నెట్ కోసం 203.0.113.20 అనే రెండు చిరునామాలున్నాయి. హాజరు అప్లికేషన్ ప్రాంగణంలోనే, ఫలితాల సైటు అందరికీ కనిపించాలి. కానీ రెండూ బయటికి ఎందుకు కనిపిస్తున్నాయన్నది ప్రశ్న.

ఇక్కడ రివర్స్ ప్రాక్సీగా, అంటే వచ్చిన అభ్యర్థనలను అందుకుని వెనుకనున్న అప్లికేషన్‌కు పంపే సాఫ్ట్‌వేర్‌గా పనిచేసేది ఎన్‌జిన్‌ఎక్స్ (nginx). దానిలో ఎక్కడ వినాలో చెప్పే లిజన్ (listen) ఆదేశానికి 80 అని పోర్టు సంఖ్య మాత్రమే ఇస్తే, అది సర్వర్‌కున్న అన్ని ఐపీవీ4 చిరునామాలపైనా వింటుంది. వచ్చిన అభ్యర్థనను మొదట చిరునామా, పోర్టులతోనూ, ఆ తరువాతే హోస్ట్ పేరుతోనూ సరిపోల్చుతుంది కనుక, అమరిక ఫైలులోని హాజరు బ్లాకులో 192.168.10.5:80 అనీ, ఫలితాల బ్లాకులో 203.0.113.20:80 అనీ పూర్తిగా రాయాలి. పేర్లు వేరుగా పెట్టినంత మాత్రాన రక్షణ రాదు, ఎందుకంటే అభ్యర్థనలో సైటు పేరును తెలిపే హోస్ట్ హెడర్‌ను ఎవరైనా తమకు నచ్చినట్టు పంపవచ్చు.

ఇంతకన్నా ముఖ్యంగా చూడవలసింది వెనుకనున్న అప్లికేషన్‌ను. అది 0.0.0.0:8080పై, అంటే అన్ని చిరునామాలపైనా 8080 పోర్టులో వింటుంటే, ఫైర్‌వాల్ అడ్డుకోనంత వరకు బయటివారు ప్రాక్సీతో పని లేకుండా నేరుగా దాన్ని చేరుకోగలరు. విద్యార్థుల వివరాలున్న అప్లికేషన్ విషయంలో ఇది ఏమాత్రం ఉపేక్షించదగినది కాదు. ప్రాక్సీ, అప్లికేషన్ రెండూ ఒకే యంత్రంపై ఉంటే అప్లికేషన్‌ను తప్పక 127.0.0.1కు, అంటే ఆ యంత్రం లోపలికే, పరిమితం చేయండి. వెనుక సర్వర్ వేరే యంత్రమై, ఒక్క చిరునామా నుంచే కనెక్షన్లు అంగీకరిస్తుంటే, ప్రాక్సీ బైండ్ (proxy_bind) ఆదేశంతో ప్రాక్సీ ఆ చిరునామా నుంచే కనెక్ట్ అయ్యేలా నిర్దేశించవచ్చు.

పోర్టు మాత్రమే ఉన్న లిజన్‌ను నిర్దిష్ట చిరునామాకు మార్చినప్పుడు, పాత సాకెట్ (వినడానికి తెరిచిన ద్వారం) ఇంకా తెరిచి ఉన్నందున రీలోడ్ (ఆపకుండా కొత్త అమరికను చదివించడం) విఫలమై పాత అమరికే కొనసాగవచ్చు. అందుకే ఈ ఒక్క మార్పుకు ఎన్‌జిన్‌ఎక్స్‌ను పూర్తిగా ఆపి మళ్లీ ప్రారంభించాలి.