కథ చెప్పేసి విశ్లేషణ అంటే ఎలా?

ప్రశ్న: పురుగుమందుల ముప్పు గురించి రేచెల్ కార్సన్ రాసిన ‘సైలెంట్ స్ప్రింగ్’ పుస్తకం మీద 1,200 పదాల వ్యాసం రాశాను. పాఠకుల్ని ఒప్పించడానికి రచయిత్రి నమ్మకం, భావోద్వేగం, తర్కం అనే మూడు పద్ధతుల్ని, అంటే ఈథోస్, పాథోస్, లోగోస్‌లను ఎలా వాడారో చెప్పాలి. ఒక్కోదానికి ఒక్కో పేరా ఇచ్చాను. ‘సారాంశమే ఉంది, విశ్లేషణ లేదు’ అని రాసి వెనక్కిచ్చారు. దిద్దడం ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఓ డిగ్రీ విద్యార్థిని

జవాబు: వాక్యాల జోలికి ఇప్పుడే వెళ్లకండి. రెండు రంగుల హైలైటర్లు తీసుకోండి. పుస్తకంలో ఏముందో చెప్పే వాక్యాలకు ఒక రంగు, అది పాఠకుడి మీద ఎలా పనిచేస్తుందో చెప్పే వాక్యాలకు ఇంకో రంగు. మొదటి రంగు మూడో వంతు దాటితే కోత అక్కడే. మీ వ్యాసం దిద్దేవారు ఆ పుస్తకం చదివే ఉంటారు.

తర్వాత థీసిస్ వాక్యం, అంటే వ్యాసం మొత్తం నిరూపించబోయే వాదనను చెప్పే వాక్యం. ‘కార్సన్ మూడు పద్ధతులనూ సమర్థంగా వాడారు’ అని రాసి ఉంటే, ఆమె పేరు తీసేసి ఇంకెవరి పేరైనా పెట్టి చూడండి. వాక్యం అప్పుడూ చెల్లుతుందంటే అది ఏమీ చెప్పనట్టే. ఈ పుస్తకానికే అతికేలా ఉండాలి: ‘ముందు ఒక ఊరి కథతో భయపెట్టి, ఆ ఊరు కల్పితమని తానే ఒప్పుకుని, ఆ నిజాయితీ మీద ఆధారాలు నిలబెట్టారు కార్సన్.’ ఇలా రాస్తే మూడు పేరాల మూస దానంతటదే పోతుంది. పేరాలు పుస్తకం నడిచిన వరసలోనే నడుస్తాయి.

అసలు పని ఇక్కడుంది. మొదటి అధ్యాయం నిండా రెండు మూడు పేజీలు ఉండదు. పక్షులు మూగబోయిన ఊరు, కొన్ని వారాల కిందట ఇళ్ల కప్పుల మీదా పొలాల మీదా మంచులా రాలిన తెల్లటి పొడి. ‘ఇది పాథోస్, పాఠకులకు బాధ కలుగుతుంది’ అని వదిలేస్తే పేరు పెట్టారంతే. పొడి మంచులా రాలడమే ఎందుకు? 1962లో అమెరికా పాఠకుడికి ఆకాశం నుంచి రాలే విషం అనగానే గుర్తొచ్చేది అణుపరీక్షల ధూళి. రెండో అధ్యాయంలో ఆమె ఆ ధూళిలోని రేడియోధార్మిక పదార్థం స్ట్రాన్షియం 90 ప్రస్తావన తెచ్చి, పురుగుమందుల రసాయనాల్ని రేడియేషన్ పక్కనే నిలబెడతారు. కొత్త భయం పుట్టించే పని లేకుండా, జనంలో అప్పటికే ఉన్న భయాన్ని అరువు తెచ్చుకున్నారు. ఏ మాట, ఎవరి మీద, ఎందుకు పనిచేసిందో చెప్పగలిగితేనే పేరా నిలుస్తుంది.

ఈథోస్ పేరాలో దాదాపు అందరూ జారే చోటొకటి ఉంది: రచయిత జీవిత చరిత్ర రాసేయడం. ఆమె సముద్ర జీవశాస్త్రవేత్త అన్నది సమాచారం. ‘ఇలాంటి ఊరు నిజంగా లేదు, కానీ ఇందులోని ప్రతి విపత్తూ ఎక్కడో ఒకచోట జరిగిందే’ అన్న అర్థంలో ఆమె చేసిన ఒప్పుకోలు మాత్రం ఈథోస్, ఎందుకంటే నమ్మకం అక్కడ, పుస్తకంలోని మాటల్లోనే పుడుతోంది. అలాగే అంకె కనపడగానే లోగోస్ అనకండి. చచ్చిన పక్షుల లెక్క చాలాసార్లు గుండెను తాకడానికే ఉంటుంది.

కోట్ చేసేటప్పుడు ఐదారు పదాలు చాలు. ఆ తర్వాత కనీసం రెండు వాక్యాలు మీవి ఉండాలి.

ప్రశ్న: రచయిత వాదనలో లోపం చూపిస్తే మార్కులు పోతాయా?
– మరో విద్యార్థి

జవాబు: పోవు. విశ్లేషణ అంటే మెచ్చుకోలు కాదు. కాకపోతే లోపం ఉందంటే సరిపోదు, అది ఎవరికి ఆయుధమైందో చూపించాలి. పై పుస్తకమే తీసుకుంటే, కల్పిత ఊరితో మొదలుపెట్టడంలో ఒక ప్రమాదం ఉంది: ఎదుటివాళ్లూ ఒక ఊహ అల్లవచ్చు. మాన్‌శాంటో అనే రసాయనాల కంపెనీ 1962లోనే ఆ పని చేసింది. పురుగుమందులు లేని ఏడాది ఎంత భయానకంగా ఉంటుందో వర్ణిస్తూ, ఆ అధ్యాయానికి పేరడీ అచ్చువేసింది.