డెంగీ తగ్గింది, బిడ్డ బరువు తక్కువంటున్నారు

ప్రశ్న: నాకిప్పుడు 27వ వారం. 21వ వారంలో డెంగీ వచ్చి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. మొన్న గ్రోత్ స్కాన్‌లో బిడ్డ బరువు 8వ పర్సెంటైల్ అన్నారు, డాప్లర్ (రక్తప్రవాహం చూసే స్కాన్) నార్మల్. టార్చ్ పరీక్షలో సీఎంవీ ఐజీజీ పాజిటివ్, ఐజీఎం నెగెటివ్. వైరస్ మాయకు పట్టిందా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ముందు టార్చ్ సంగతి. ఇది కడుపులో బిడ్డకు సోకగల కొన్ని ఇన్ఫెక్షన్ల కోసం చేసే రక్తపరీక్ష, సీఎంవీ అందులో ఒక వైరస్. ఐజీఎం ఈమధ్య సోకినదానికి, ఐజీజీ పాతదానికి గుర్తుగా కనిపించే యాంటీబాడీలు. మీకొచ్చిన ఫలితానికి అర్థం, చాలావరకు, సీఎంవీ ఎప్పుడో వచ్చి పోయిందని. మన దేశంలో పెద్దవాళ్లలో ఎక్కువమందికి ఇలాగే వస్తుంది. అయితే ఐజీఎం కొన్ని నెలల్లో తగ్గిపోతుంది కాబట్టి, ఈ వారాల్లో ఒక్క నెగెటివ్ చూసి మొదటి మూడు నెలల్లో సోకలేదని చెప్పలేం. స్కాన్‌లో బిడ్డ మెదడు గదులు, పేగు, మాయ మందం మామూలుగానే ఉన్నాయా అని డాక్టర్ని అడగండి.

మాయలోని విల్లైలు అనే సన్నని వేళ్లలాంటి భాగాలు కుచ్చుల్లా తల్లి రక్తంలో మునిగి ఉంటాయి. వాటి పైపొరలో కణాల మధ్య సందులుండవు, అందుకే చాలా వైరస్‌లు లోపలికి పోలేవు. రుబెల్లా, సీఎంవీ, జికా పోగలవు. సీఎంవీ పట్టిన మాయ వాచి మందమవుతుంది, బిడ్డకు ఆక్సిజన్, పోషకాలు అందే జాగా తగ్గుతుంది. కోవిడ్‌లో కొద్దిమందికి విల్లైల చుట్టూ ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ప్రొటీన్) పేరుకుపోయింది. డెంగీ తీరు వేరు. తీవ్రమైతే రక్తనాళాల్లోంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవం) బయటికి కారి, బీపీ పడిపోయి, మాయకు రక్తం చాలదు. కాబట్టి ఆ నాలుగు రోజుల కేస్‌షీట్ తీసి ప్లేట్‌లెట్ల కంటే ముందు బీపీ, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) చూడండి. అవి నిలకడగా ఉంటే మాయ బాగా దెబ్బతిని ఉండే అవకాశం తక్కువ.

8వ పర్సెంటైల్ అంటే, అన్నే వారాల బిడ్డలు వందమందిలో దాదాపు ఎనిమిది మందే ఇంతకంటే తక్కువ బరువుంటారని. అయితే ఇది ఒక్క కొలత. స్కాన్ బరువులో 10–15 శాతం తేడా మామూలే. వారాల లెక్క మొదటి మూడు నెలల స్కాన్‌తో సరిచూడండి. మళ్లీ స్కాన్ రెండు మూడు వారాలకు చాలు. వారం తిరక్కుండా చేయిస్తే పెరిగిన బరువు ఆ తేడాలోనే కలిసిపోతుంది. అప్పుడు బిడ్డ పొట్ట చుట్టుకొలత చూడండి. మాయ సరిగా పనిచేయకపోతే కాలేయంలో నిల్వలు ముందు తరిగి పొట్ట చిక్కుతుంది, తల ఆఖరున చిక్కుతుంది. గ్రోత్ చార్టులో పొట్ట గీత కిందికి జారినా, ఉమ్మనీరు తగ్గినా, బొడ్డుతాడు డాప్లర్ మారినా పరీక్షలు దగ్గరదగ్గరగా చేయాలి. లోపం మాయదైతే ప్రొటీన్ పౌడర్ డబ్బాలతో బరువు పెరగదు.

28వ వారం నుంచి ఎడమవైపు పడుకుని కదలికలు లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, మీ ఆసుపత్రికో, పేట్లబురుజు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికో వెళ్లండి. మళ్లీ జ్వరమొస్తే పారాసిటమాల్ మాత్రమే. ఐబుప్రొఫెన్ వద్దు, అది డెంగీలో రక్తస్రావం పెంచుతుంది, 20 వారాలు దాటాక బిడ్డ కిడ్నీలకూ మంచిది కాదు.

ప్రశ్న: మా పెద్దబాబుకు ఆటలమ్మ పోసింది. నాకు అయిదో నెల. చిన్నప్పుడు నాకు వచ్చిందో లేదో అమ్మకూ గుర్తులేదు.
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: ఇవాళే వేరిసెల్లా (ఆటలమ్మ వైరస్) ఐజీజీ పరీక్ష చేయించండి. పాజిటివ్ అయితే భయం లేదు. నెగెటివ్ అయితే, బాబుతో కలిసి ఉన్న పది రోజుల్లోగా ఇమ్యునోగ్లోబులిన్ (యాంటీబాడీల) ఇంజక్షన్ గురించి డాక్టర్ని అడగండి. పొక్కులకు రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది కాబట్టి ఆ రోజులూ లెక్కలోవే. మీకు పొక్కులొస్తే 24 గంటల్లో ఎసైక్లోవిర్ అనే వైరస్ మందు మొదలుపెట్టాలా అన్నది డాక్టర్ చెబుతారు. వేపాకు పెట్టుకోండి, కాదనం. ఆయాసం వస్తే మాత్రం అది న్యుమోనియా కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.