డ్యూటీ దిగాక పావుగంట: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఆఫీసు పనయ్యాక ఓ గంట ఆగి, తోటి ఉద్యోగులు తమ సరదాల గురించి ఒకరికొకరు చెప్పుకునే కబుర్ల మీద ప్రశ్నలు పంపమని గత సంచికలో అడిగాం. మా ఆఫీసులో ఇలాంటి కూటాలకు కుర్చీలు సర్దేదీ, టైమరు పట్టుకుని కూర్చునేదీ నేనే కాబట్టి జవాబులు కూడా నన్నే రాయమన్నారు. టైమరు పట్టుకునేవాళ్లకు మొహమాటం తక్కువ. ముందే చెబుతున్నాను.

ప్రశ్న: నేను బిల్లింగ్ సెక్షన్‌లో పనిచేస్తాను. కీ ఇచ్చే పాత చేతిగడియారాలు విప్పి బాగుచేయడం నాకు పిచ్చి. దాని గురించి పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. నీడ గడియారంతో మొదలుపెట్టి యాభై స్లయిడ్లు చేశాను, ఇంకా సగంలోనే ఉన్నాను. అసలు ఎవరికైనా ఆసక్తి ఉంటుందంటారా?

యాభై స్లయిడ్ల మీద ఉండదు. మీ గడియారాల మీద తప్పకుండా ఉంటుంది.

గడియారాల చరిత్ర ఎవరికి కావాలన్నా ఫోన్లో దొరుకుతుంది. మీ బల్ల మీద ఏం జరిగిందో మాత్రం మీరు చెబితేనే తెలుస్తుంది. మిమ్మల్ని బాగా ఏడిపించిన గడియారం ఒక్కటి తీసుకుని రండి. ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరిగెత్తే గడియారం ఎప్పుడో ఒకసారి మీ చేతికి వచ్చే ఉంటుంది కదా, అలాంటిదన్నమాట. లోపల ఏదో విరిగిందనే అందరూ అనుకుంటారు. అప్పుడు దాని పక్కన ఓ చిన్న దిక్సూచి పెట్టండి. ముల్లు గింగిరాలు తిరిగితే గడియారానికి అయస్కాంతం పట్టిందని అర్థం. వెంట్రుకంత సన్నటి హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. దాంతో స్ప్రింగ్ పొట్టిదైపోయినట్టే, టైముకు లయ పట్టే చిన్న చక్రం, అంటే బ్యాలెన్స్ వీల్, హడావుడిగా ఊగుతుంది, టైము ముందుకు పోతుంది. డీమాగ్నటైజర్ అని అయస్కాంతం వదిలించే చిన్న పరికరం ఉంటుంది, దాని మీద పెట్టి తీస్తే చాలాసార్లు అక్కడికక్కడే దారికొస్తుంది. జబ్బు, పరీక్ష, వైద్యం మూడూ కళ్లముందే జరిగిపోతాయి. అయస్కాంతం బిళ్లలుండే ఫోన్ కవర్లూ, బ్యాగు మూతలూ, చిన్న స్పీకర్లూ ఈ పని చేయగలవని చెప్పగానే ముందు వరసలో కూర్చున్నవాళ్లు తమ చేతి వంక చూసుకుంటారు. సభ మీది అయిపోయినట్టే.

ఇంకొక్కటి చేయండి. పాత గడియారాల్లో చాలావాటికి టిక్కులు గంటకు 18,000. ఈ మధ్య వచ్చినవాటిలో ఎక్కువగా 28,800. అంటే సెకనుకు అయిదూ, ఎనిమిదీ. ఈ అంకెలు తెర మీద వేస్తే ఆవలింతలే. రెండు గడియారాలూ చేతికిచ్చి, చెవి దగ్గర పెట్టుకుని ఏది ముసలిదో చెప్పమనండి. గది మొత్తం నిశ్శబ్దమైపోతుంది. మా కూటంలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ సాధించలేదు.

స్లయిడ్లు వదల్లేనంటారా, పేచకుచా పద్ధతి ఉంది. ఆస్ట్రిడ్ క్లైన్, మార్క్ డైథమ్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు 2003లో టోక్యోలో మొదలుపెట్టారు. 20 బొమ్మలు, ఒక్కోదానికి 20 సెకన్లు, మొత్తం 6 నిమిషాల 40 సెకన్లు. బొమ్మలు వాటంతటవే మారిపోతాయి, ఆగమంటే ఆగవు. మైకు దొరికితే వదలనివాళ్లకు ఇది మంచి ముకుతాడు. 2006లో సియాటిల్‌లో మొదలైన ఇగ్నైట్ మరీ కఠినం, బొమ్మలు అవే 20 కానీ ఒక్కోదానికి 15 సెకన్లే. మీ విషయానికి మాత్రం రెండూ పనికిరావనే నా అభిప్రాయం. చేత్తో చేసే పని చూపిస్తున్నప్పుడు వెనక బొమ్మ తరుముతూ ఉంటే చెయ్యి వణుకుతుంది. మూడు ఫోటోలు పెట్టుకోండి. గడియారాన్ని సభలో పూర్తిగా విప్పకండి. ఒక్క స్క్రూ కార్పెట్ మీద పడిందంటే ఆ సాయంత్రమంతా అందరూ మోకాళ్ల మీదే.

ప్రశ్న: మా కూటంలో ఒకాయన ఉన్నారు. ఎవరు ఏం చెబుతున్నా మధ్యలో ఆపి ‘అది తప్పు’ అంటారు. పోయినసారి మొక్కల గురించి చెబుతున్న అమ్మాయి సగంలోనే కూర్చుండిపోయింది. పెద్దాయన కాబట్టి ఏమీ అనలేకపోతున్నాం.

ఈ జాతి కొత్తదేం కాదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1727లో ఫిలడెల్ఫియాలో స్నేహితులతో ‘జుంటో’ అనే కూటం పెట్టాడు. శుక్రవారం సాయంత్రాలు కలిసేవారు. ప్రెస్సులో పనిచేసేవాళ్లు, చెప్పులు కుట్టే ఆయన, వడ్రంగి, అద్దాలు బిగించే ఆయన, ఇలా పనిపాటలు చేసుకునేవాళ్లే ఎక్కువ. ‘ఇది ఇంతే’ అని బల్ల గుద్ది చెప్పడాన్నీ, ఎదుటివాడి మాటను ముఖానే కొట్టిపారేయడాన్నీ అక్కడ నిషేధించారు. కాదని అలా మాట్లాడితే చిన్న జరిమానా. ఈ సంగతి ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలోనే రాసుకున్నాడు.

మీరు జరిమానా దాకా పోనక్కర్లేదు. చెప్పేవాళ్లు ముగించేదాకా ప్రశ్నలు ఉండవనీ, తర్వాత కూడా ప్రశ్నలే తప్ప దిద్దుబాట్లు ఉండవనీ మొదట్లోనే అందరితో కలిపి చెప్పేయండి. ఆయన ఒక్కరినే ఉద్దేశించి అనకండి. ఆ తర్వాతి వారం ఆయననే మాట్లాడమనండి. అన్నీ తెలిసినవాళ్లకు పదిహేను నిమిషాలు అప్పగిస్తే రెండు రకాలుగా జరుగుతుంది. నిజంగా తెలిస్తే మనకు లాభం, తెలియకపోతే ఆయనకు లాభం. ముందు మాత్రం ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి, మిగతా సగం ఎప్పుడు చెబుతావని అడగండి.

ప్రశ్న: మా సెక్షన్‌లో ఒకరు అసలు నోరు విప్పరు. ఆయనకు ఏదో మంచి సరదా ఉందని మాత్రం తెలుసు. స్టేజీ ఎక్కించడం ఎలా?

ఎక్కించకండి. మాట్లాడమంటే భయపడేవాళ్లను ‘ఏదైనా తీసుకొచ్చి చూపిస్తారా’ అని అడిగి చూడండి.

మా స్టోర్స్‌లో అలాంటి మనిషే ఉండేవారు. ఒక సాయంత్రం చేతిలో రెండు మూరల తాడుతో వచ్చి నిలబడ్డారు. నమస్కారం లేదు, పరిచయం లేదు. ‘అందరూ మీ బూటు లేసులు చూసుకోండి’ అన్నారు. ముడికి రెండు పక్కలా ఉన్న ఉచ్చులు బూటుకు అడ్డంగా పడుకుని ఉంటే ముడి సరైనది. బూటు పొడవునా, ఒకటి వేళ్ల వైపూ ఒకటి మడమ వైపూ తిరిగి ఉంటే అది గ్రానీ నాట్, నడుస్తుంటే తొందరగా ఊడిపోయే రకం. మొదటి ముడీ రెండో ముడీ ఒకే వైపు తిప్పి వేయడం వల్ల అలా అవుతుంది. మొదటిది రివర్స్ చేసి కట్టండి, అంతే. గదిలో సగం మంది వంగిపోయారు. పెద్ద పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు లేసులు విప్పి మళ్లీ కట్టుకుంటూ, సరిగ్గా వచ్చిందా అని ఆయన్నే అడుగుతున్నారు. ఆ సాయంత్రం ఆయన నోటి నుంచి వచ్చినవి పది వాక్యాలకు మించవు. ఇప్పటికీ ఆయన గురించి చెప్పుకుంటూనే ఉన్నాం.

ప్రశ్న: ఈ కబుర్లను ‘శిక్షణ గంటల’ కింద లెక్క కడతామని, హాజరు పట్టీ పెడతామని పైనుంచి కబురొచ్చింది. మంచిదేనా?

కాదు. సంతకం పెట్టించారంటే అది డ్యూటీయే. పైవాళ్లు వచ్చి వెనక వరసలో కూర్చుని వింటే సంతోషం. మాట్లాడతానంటే ఇంకా సంతోషం, వాళ్లకీ టైమరే. గది ఇచ్చినందుకు థాంక్స్ చెప్పి, హాజరు పట్టీ మాత్రం మర్యాదగా వెనక్కి పంపండి.

ప్రశ్న: ఆరు గంటలకు పెడుతున్నారు. నాకు చిన్నపిల్లలు, ఉండలేను. ‘ఆసక్తి లేదు’ అని ముద్ర వేసేశారు.

తప్పు మీది కాదు, టైము పెట్టినవాళ్లది. పద్దెనిమిదో శతాబ్దంలో బర్మింగ్‌హామ్‌లో ‘లూనార్ సొసైటీ’ ఉండేది. ఆవిరి యంత్రాల జేమ్స్ వాట్ లాంటి హేమాహేమీలు అందులో సభ్యులు. పౌర్ణమికి దగ్గరి రోజు చూసుకుని కలిసేవాళ్లు. కారణం, వీధి దీపాలు లేని రోజుల్లో ఇంటికెళ్లే దారికి వెన్నెల కావాలి. అంత గొప్పవాళ్లే ముందు ఇంటికెళ్లే సంగతి ఆలోచించి తర్వాత సభ పెట్టుకున్నారు. ఈ ముక్క మీ వాళ్లకు చూపించండి. నెలకోసారైనా మధ్యాహ్నం విరామంలో పెట్టమనీ, మొదటి వంతు మీకే ఇవ్వమనీ అడగండి.

ప్రశ్న: మా బాస్ వక్తను పరిచయం చేయడానికే పది నిమిషాలు తీసుకుంటారు.

లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే విజ్ఞాన సంస్థలో పందొమ్మిదో శతాబ్దపు శాస్త్రవేత్త ఫారడే కాలం నుంచీ శుక్రవారం సాయంత్రాలు ప్రసంగాలు జరుగుతున్నాయి. అక్కడి ఆనవాయితీ ప్రకారం వక్త లోపలికి వస్తూనే నేరుగా విషయంలోకి దిగుతాడు. పరిచయాలు, సంబోధనలు ఏమీ ఉండవు. అక్కడి పద్ధతి ఇదట అని చెప్పి మొదలుపెట్టేయండి. బాస్‌కు చివర్లో ఓ రెండు నిమిషాలు ఇవ్వండి, అప్పటికి అందరూ బ్యాగులు సర్దుకుంటూ ఉంటారు.

ప్రశ్న: ఒకావిడ కొవ్వొత్తుల తయారీ గురించి చెప్పి, ఆఖర్న ఆర్డర్లు తీసుకుంది. ఇది సరైనదేనా?

తయారీ ఎలా చెప్పింది? మైనం ఎంత వేడి ఉన్నప్పుడు సువాసన కలపాలో, వత్తి మందం సరిపోకపోతే ఏమవుతుందో చెప్పి ఉంటే నాకేం అభ్యంతరం లేదు. ధరలు మాత్రం మర్నాడు ఆమె సీటు దగ్గర మాట్లాడుకోవాలి. సభలో ఆర్డర్లు మొదలయ్యాయంటే మొహమాటానికి కొనేవాళ్లుంటారు, వాళ్లు మళ్లీ ఆ గది ఛాయలకు రారు. నేనైతే ఆర్డర్ల పుస్తకం తీయగానే టైమరు మోగిస్తాను.