‘ప్రభుత్వ డేటా అంతా ఉచితంగా ఇవ్వాలి’ అని సంతకాలు సేకరిస్తే పనవుతుందా?

అవదండీ. ‘డేటా అంతా’ అంటే జవాబు చెప్పాల్సిన అధికారి ఏ కార్యాలయంలోనూ ఉండడు. చిరునామాలు, పటాలు, బస్సుల వేళలు, వర్షపాతం కొలతలు, వీటిలో ఏదో ఒక్కటి పట్టుకోండి. దాన్ని ఎవరు సేకరిస్తారు, ఎంతకు అమ్ముతారు, లైసెన్సులో (అంటే వాడుకునే షరతుల పత్రంలో) ఏం రాసుంది, ఈ మూడూ తెలిశాక సంతకాల సంగతి చూడొచ్చు.

అసలు చిక్కంతా డబ్బు దగ్గరే. డేటా అమ్ముకునే సంస్థ ‘ఉచితంగా ఇచ్చేస్తే సేకరణ ఖర్చు ఎవరు భరిస్తారు?’ అంటుంది. న్యాయమైన ప్రశ్నే. చాలా ప్రచారాలు అక్కడే నీళ్లు నములుతాయి. అందుకే సమాచార హక్కు చట్టం కింద మొదటి దరఖాస్తు డేటా కోసం కాకుండా, దాని లెక్కల కోసం పెట్టండి. గత మూడేళ్లలో అమ్మకాల రాబడి ఎంత? అందులో ఇతర ప్రభుత్వ శాఖలు కట్టిందెంత? బిల్లులకూ లైసెన్సుల తనిఖీకీ, వకీళ్లకూ అయిన ఖర్చెంత? కొనుగోలుదారులు ఎంతమంది? ఇవన్నీ విడివిడిగా, నంబర్లు వేసి అడగండి. ఒకే వాక్యంలో కలిపేస్తే, ఒకదానికి మినహాయింపు ఉందని చెప్పి మొత్తం తిప్పి పంపే వీలుంటుంది. కొనుగోలుదారుల పేర్లు మాత్రం అడగొద్దు. వ్యాపార రహస్యమనే సాకు మీరే చేతికిచ్చినట్లవుతుంది.

శాఖలు కట్టింది ఈ జేబులోంచి ఆ జేబులోకి వెళ్లిన ప్రభుత్వ డబ్బే. రాబడిలోంచి దాన్నీ, అమ్మడానికైన ఖర్చునూ తీసేస్తే మిగిలేదే ఖజానా నిజంగా భరించాల్సిన లోటు. వినతిపత్రంలో మొదటి పేజీలో ఉండాల్సింది ఆ అంకె.

ఆ లోటుకు ఎదురువైపు లాభంగా చూపడానికి ఉదాహరణలు కావాలంటే అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలున్నాయి. ఒక్కోటి సుమారు 600 డాలర్లకు అమ్మిన కాలంలో, అమ్మకాలు బాగా సాగిన 2001లో కూడా అమ్ముడుపోయినవి దాదాపు 25,000. 2008లో ఉచితమని ప్రకటించాక ఏడాది తిరిగేసరికి డౌన్‌లోడ్లు 10 లక్షలు దాటాయి. డెన్మార్క్ 2002లో చిరునామాల డేటాను ఉచితం చేసింది. 2005–2009 మధ్య నేరుగా ఒనగూరిన లాభం సుమారు 6.2 కోట్ల యూరోలు, అయిన ఖర్చు దాదాపు 20 లక్షల యూరోలు అని అక్కడి ప్రభుత్వ సంస్థే లెక్క తేల్చింది. ఇవి పక్క వాయిద్యాలే సుమా, అసలు పాట మీ లోటు అంకే. వీటితోనే మొదలుపెడితే ‘అక్కడి సంగతి వేరు’ అంటారు.

బ్రిటన్‌లో గార్డియన్ పత్రిక 2006 మార్చిలో ‘ఫ్రీ అవర్ డేటా’ ప్రచారం మొదలుపెట్టింది. జాతీయ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే 2010 ఏప్రిల్ 1న కొన్ని పటాలనూ పోస్టుకోడ్ల స్థానాలనూ ఉచితంగా విడుదల చేసింది. అత్యంత వివరమైన పటాలు మాత్రం ఆ జాబితాలో లేవు. 2013లో అక్కడి తపాలా సంస్థ రాయల్ మెయిల్‌ను ప్రైవేటుపరం చేసినప్పుడు పూర్తి చిరునామాల ఫైలు కూడా దానితోపాటే పోయింది. మీరు ఎంచుకున్న సంస్థ అమ్మకానికి వస్తుందన్న మాట చెవిన పడితే, తక్కిన పనులు ఆపి ముందు డేటా యాజమాన్యం గురించి రాయండి. ఒకసారి కంపెనీ ఆస్తి అయ్యాక వెనక్కి తేవడం బహు కష్టం.

కంటికి కనబడని గొయ్యి ఇంకొకటుంది. ఒక శాఖ తన డేటాను మరొకరి పటం మీద గీసి ఉంటే, ఆ పటం యజమాని ‘ఇందులో మాకూ హక్కుంది’ అనవచ్చు. అప్పుడు శాఖకు ఇవ్వాలనే ఉన్నా ఇచ్చే వీలుండదు. కాబట్టి ఈ డేటాలో ఏ భాగం ఎవరి దగ్గర నుంచి, ఏ షరతు మీద తీసుకున్నారో ముందే లిఖితపూర్వకంగా అడగండి.

లైసెన్సులో ‘వ్యాపారేతర వాడకానికి మాత్రమే’ అన్న షరతుకు ఒప్పుకోకండి. చూడ్డానికి మెత్తగా ఉంటుంది కానీ, ప్రకటనలు వేసుకునే చిన్న వెబ్‌సైటు కూడా దానికి దొరికిపోతుంది, అందరూ కలిసి గీసే ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ లాంటి వాటిలో ఆ డేటాను చేర్చే వీలుండదు. మూలం పేర్కొంటే చాలు అన్న షరతు వరకూ సరే.

రూపం సంగతీ వినతిపత్రంలోనే రాయండి, లేకపోతే స్కాన్ చేసిన పీడీఎఫ్ మీ చేతిలో పెట్టి ‘ఇచ్చేశాం’ అంటారు. యూటీఎఫ్-8లో (తెలుగు అక్షరాలూ చెడకుండా ఉండే సంకేత పద్ధతి) సీఎస్‌వీ ఫైలు (ఏ ప్రోగ్రాములోనైనా తెరుచుకునే సాదా పట్టిక), మొత్తం ఒకేసారి దింపుకునే సౌకర్యం, ప్రతి వరుసకూ మారని గుర్తింపు సంఖ్య, నిలువు వరుసల వివరణ, తాజా చేసిన తేదీ. ఏపీఐ (ప్రోగ్రాము అడిగినప్పుడల్లా కొంచెం కొంచెం డేటా ఇచ్చే దారి) ఒక్కటే ఇస్తామంటే ఒప్పుకోవద్దు, రోజుకిన్ని విన్నపాలని పరిమితి పెడితే పూర్తి డేటా ఎప్పటికీ రాదు. కోడ్లను అంకెలుగా కాక అక్షరాలుగా భద్రపరచమనండి. ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయగానే 00417 కాస్తా 417 అయిపోతుంది, రెండు పట్టికలు ఇక కలవవు.

మనుషుల వివరాలుండే డేటా అయితే మొదటి ప్రయత్నానికి వదిలేయండి. 2014లో న్యూయార్క్ ట్యాక్సీ ప్రయాణాల డేటాలో బండి నంబర్లను హ్యాష్ చేసి, అంటే ఒక సూత్రంతో అర్థంకాని అక్షరాల వరుసగా మార్చి ఇచ్చారు. నంబర్ల నమూనా ముందే తెలిసినది, ఉండగల నంబర్లు కొద్దివే, దాంతో అన్నింటికీ హ్యాష్ లెక్కగట్టి పోల్చి అసలు నంబర్లు బయటికి తీశారు. ఇలాంటిదొక్కటి జరిగితే అడగని డేటాకూ తలుపులు మూసేస్తారు.

విడుదలైన రోజునే ఫైలునూ, లైసెన్సు పేజీనీ దింపి తేదీతో దాచుకోండి. తర్వాత లింకు మాయమైనా, షరతులు మారినా, ఆ రోజు ఏ షరతు మీద ఇచ్చారో చూపించడానికి అదే ఆధారం.